ఆపరేషన్ అయ్యాక ఇంటికి వెళ్లే మాత్రలు

పిల్లల నొప్పిని వైద్యులు చాలాకాలం చిన్నచూపు చూశారు. నెలలు నిండని శిశువులకు అరకొర మత్తుతోనే ఆపరేషన్లు జరిగేవి. ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ (నల్లమందు తరహా బలమైన నొప్పి మందు) ఇస్తే ఆ పసికందులు మెరుగ్గా కోలుకుంటారని 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్ బృందం చూపాక ఆలోచన మారడం మొదలైంది.

అమెరికాలో ఆ మార్పు హద్దు దాటింది. ఆసుపత్రిలో ఓపియాయిడ్లు తీసుకున్న 11,882 మందిలో నలుగురికే వ్యసనం పట్టిందని 1980లో ఒక వైద్య పత్రికలో చిన్న ఉత్తరం వచ్చింది. అది నర్సుల కనుసన్నల్లో ఉన్న రోగుల లెక్క. ఇంటికి పట్టుకెళ్లే సీసాకూ దాన్నే భరోసాగా చూపారు. 1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్ర మార్కెట్లోకి దిగింది. జ్ఞానదంతం పీకించుకున్న కుర్రాడికీ ఓపియాయిడ్ చీటీ మామూలైపోయింది.

ఇంట్లో ఏం జరుగుతోందో ఆలస్యంగా తెలిసింది. కొందరి ఒంట్లో కోడీన్ అనే ఓపియాయిడ్ మరీ వేగంగా మార్ఫిన్‌గా మారుతుంది. టాన్సిల్స్ తీయించుకున్న పిల్లలు కొందరు అలా ఊపిరందక చనిపోవడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో గట్టి హెచ్చరిక జారీ చేసింది. 13 నుంచి 21 ఏళ్లవారి బీమా రికార్డులు తిరగేసిన 2018 నాటి అధ్యయనంలో, ఆపరేషన్ అయి మూడు నెలలు దాటాక కూడా 4.8 శాతం మంది ఓపియాయిడ్లు కొంటున్నట్టు తేలింది. ఆపరేషన్ జరగనివారిలో అది 0.1 శాతమే.

మరి నొప్పికి మందేది? గుంటపడిన ఛాతీని సరిచేసే నస్ ఆపరేషన్‌నే చూడండి. ఎక్కువగా టీనేజర్లకే చేస్తారు. వంచిన లోహపు కడ్డీని ఛాతీ ఎముక కింద దూర్చి తిప్పుతారు, నొప్పి విపరీతం. ఇప్పుడు చాలాచోట్ల అదే ఆపరేషన్‌లో పక్కటెముకల నడుమ నరాలను మైనస్ 60 డిగ్రీలకు దిగువన రెండేసి నిమిషాలు గడ్డకట్టిస్తున్నారు. నరం పైతొడుగు చెడదు కాబట్టి లోపలి తంతువు నెలల్లో మళ్లీ పెరుగుతుంది, అప్పటిదాకా అక్కడ తిమ్మిరే. పూర్తి ఫలితానికి కొంత సమయం పడుతుంది గనుక ఈలోపు మామూలు మత్తు సూది, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ ఆదుకుంటాయి.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2024 మార్గదర్శకాలదీ ఇదే వరస: ముందు మామూలు మందులు, తప్పకపోతే వాటికి తోడుగా ఓపియాయిడ్, సాధారణంగా ఐదు రోజులకు మించకుండా, వెంట విరుగుడు నలోక్సోన్. ఓపియాయిడ్‌ను పూర్తిగా మానేయమని అందులో లేదు. ఎన్ని మాత్రలు వాడాలో, మిగిలినవి ఎలా పారేయాలో చీటీ రాసిన డాక్టరే ఇంటివాళ్లకు చెప్పి పంపాలి.