ప్రభ: తాత్కాలిక కట్టడంలో పల్నాటి స్వరూపం

ఒక ప్రాంత విశిష్టతను చాటే తాత్కాలిక మంటపాన్ని రూపొందించేటప్పుడు ఆ ప్రాంతపు సొంత కట్టడ సంప్రదాయాన్ని తొలుత పరిశీలించవలసి ఉంటుంది. పల్నాడుకు అటువంటి సంప్రదాయం ప్రభ. నరసరావుపేట సమీపాన గల కోటప్పకొండపై వెలసిన త్రికోటేశ్వరస్వామి తిరునాళ్లకు ఏటా మహాశివరాత్రి నాడు పరిసర గ్రామాల ప్రజలు ప్రభలను నిర్మించి తరలిస్తారు. చిలకలూరిపేట వైపున గల పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల గ్రామాలు ఇందుకు ప్రసిద్ధి చెందాయి.

నిర్మాణ విధానం

చక్రాల బండిపై దృఢమైన పీఠం, దానిపై వెదురు బొంగులు, కలపతో నిలువెత్తు చట్రం, ముందు భాగాన రంగుల వస్త్రాలు, దేవతామూర్తుల చిత్రాలు, విద్యుద్దీపాలు ప్రభలోని ప్రధాన అంగాలు. పెద్ద ప్రభల ఎత్తు 80 అడుగులకు పైబడి ఉంటుంది. పలక వంటి ఆకృతి కావడంతో ఇవి గాలి ఒత్తిడికి లోనవుతాయి. అందువలన ప్రభ కదిలేటప్పుడు గ్రామస్తులు అన్ని వైపుల నుంచి మోకులు పట్టి నిలకడను కాపాడతారు. మార్గంలో విద్యుత్ సరఫరాను నిలిపివేసి, అడ్డువచ్చే తీగలను తొలగించి, ప్రభ దాటిన పిదప పునరుద్ధరిస్తారు. గ్రామస్తుల చందాలు, శ్రమ కలిస్తేనే ప్రభ నిలుస్తుంది. తిరునాళ్లు ముగియగానే దానిని విప్పివేస్తారు.

కోనసీమ ప్రభలతో భేదం

2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటానికి కోనసీమ ప్రభల తీర్థం ఇతివృత్తమైంది. కనుమ నాడు జగ్గన్నతోటకు చేరే ఆ ప్రభలను భక్తులు భుజాలపై మోస్తారు, కౌశిక నదిని దాటిస్తారు. కోటప్పకొండ ప్రభలు చక్రాలపై సాగే గోపురాల వంటివి. పేరు ఒకటే అయినా ఒకదాని చిత్రాన్ని మరొకదానికి వాడటం సరికాదు.

మంటపానికి అన్వయం

ప్రదర్శనశాలల్లో పూర్తి ఎత్తు సాధ్యపడదు. కేవలం దీపాల అలంకరణతో చిన్న నమూనా నిలిపితే అది సాధారణ విద్యుత్ తోరణంగానే కనిపిస్తుంది. ఎత్తు తగ్గినా వెడల్పుతో గల నిష్పత్తిని పాటించాలి. వెనుక భాగాన్ని మూయక వెదురు కట్టు కనిపించేలా ఉంచాలి. మోకులను యథాతథంగా బిగించాలి. గ్రామాలలో ప్రభలు కట్టే పనివారికే నిర్మాణ బాధ్యత అప్పగించడం శ్రేయస్కరం. వస్త్రం, వెదురు, విద్యుత్తు ఒకేచోట ఉన్నందున అగ్నిమాపక జాగ్రత్తలు తప్పనిసరి.

చారిత్రక పల్నాడు అంటే 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంతో ముడిపడిన గురజాల, మాచర్ల, కారంపూడి ప్రాంతం. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కనుక బయట ప్రభ నిలిపినప్పుడు, లోపల కారంపూడి వీరుల గుడికి, మాచర్ల చెన్నకేశవాలయానికి చోటు కల్పిస్తేనే పల్నాడు సమగ్రంగా సాక్షాత్కరిస్తుంది.