పై చదువులకు పైకం: రాష్ట్రేతర తెలుగు కుటుంబాల గాథ

తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించుకొని బయటికి వచ్చిన విద్యార్థి ఎదుట రెండు ప్రశ్నలు నిలుస్తాయి. ఏమి చదవాలన్నది మొదటిది. డబ్బు ఎవరు కడతారన్నది రెండవది. మొదటి ప్రశ్నను గురించి ఉత్సవ సంచికలలో పుటలకొద్దీ వ్యాసాలు వస్తుంటాయి. రెండవదానిని గురించి వ్రాయడానికి పెద్దలు మొగమాటపడతారు. కాని సోలాపురంలోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల విద్యాచరిత్ర చాలవరకు ఈ రెండవ ప్రశ్నకు ఆయా కాలాలలో దొరికిన సమాధానాల చరిత్రయే.

పూర్వకాలంలో కళాశాల రుసుము కంటె పట్టణంలో కూడు, గూడు సంపాదించుకోవడమే పెద్ద భారం. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి విద్యార్థి దశ ఇందుకు మంచి ఉదాహరణ. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుండి మైసూరు సీమకు తరలి వెళ్లిన తెలుగు కుటుంబం వారిది. బాల్యంలోనే తండ్రి గతించారు. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదివే రోజులలో ఒక అధికారి ఇంటి పిల్లలకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకున్నారు. 1881లో బి.ఏ. పూర్తి చేశారు. ఆ తరువాత మైసూరు ప్రభుత్వం విద్యార్థి వేతనం మంజూరు చేయడంతో పూనా వెళ్లి ఇంజనీరింగు చదివి, 1883లో పరీక్షలో ప్రథములుగా నిలిచారు. ఆ వేతనమే లేకున్న పూనా ప్రయాణం ఊహకు కూడ అందేది కాదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిది మరొక విధమైన కథ. 1888లో తిరుత్తణిలో పుట్టిన ఆయన తండ్రి చిన్న రెవెన్యూ ఉద్యోగి. కుమారుని చదువు ఆద్యంతం విద్యార్థి వేతనాల మీదనే సాగింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయన తత్త్వశాస్త్రం ఎన్నుకోవడానికి కారణం ఆ శాస్త్రం మీది మక్కువ మాత్రమే కాదు. పట్టభద్రుడైన ఒక బంధువు తన పాఠ్యగ్రంథాలను ఇచ్చివేయడం. పుస్తకాల ఖర్చు తప్పినందువల్ల దేశానికి ఒక తత్త్వవేత్త దక్కాడు. ఈ సంగతిని నవ్వి విడిచేవారు ఉంటారేమో గాని, ఏ శాస్త్రం చదవాలో నిర్ణయించేది తరచు ఇంటి ఆదాయమేనని ప్రతి ఉపాధ్యాయునికీ తెలుసు.

ఒంగోలులో టంగుటూరి ప్రకాశంగారి తల్లి భర్తను కోల్పోయిన పిదప పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను చదివించారు. ఆనాటి సంఘం ఆ వృత్తిని గౌరవంగా చూసేది కాదు. హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేయూతనివ్వగా ప్రకాశంగారు రాజమహేంద్రవరంలో చదివి, అటుపిమ్మట చెన్నపట్నంలో న్యాయశాస్త్రం అభ్యసించారు. ఆ కాలంలో వారాలు చేసుకొని చదువుకొన్న పిల్లలు ఊరూరా ఉండేవారు. సోమవారం ఒకరి ఇంట, మంగళవారం మరొకరి ఇంట భోజనం. దాతల ఉదారత గొప్పదే. అయితే ఆ పంక్తిలో చోటు ఎక్కువగా అగ్రవర్ణాల పిల్లలకే దొరికిందన్న మాట దాచడం చరిత్రకు న్యాయం కాదు. తక్కిన కులాలవారు సంఘాలు పెట్టుకొని వసతిగృహాలు నిర్మించుకున్నారు. అదీ లేనివారు 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు కేంద్రం కళాశాల వేతనాలు ప్రారంభించేవరకు వేచి ఉండవలసి వచ్చింది.

సోలాపురానికి వస్తే అక్కడి పద్మశాలి కుటుంబాలది పూర్తిగా శ్రమజీవుల గాథ. తెలంగాణ పల్లెలనుండి మగ్గాన్ని నమ్ముకొని వెళ్లినవారు మరమగ్గాల కార్మికులయ్యారు. స్త్రీలు ఇంటి పని చక్కబెట్టుకొంటూ తునికాకు కత్తిరించి బీడీలు చుట్టారు. మగ్గం కూలి బియ్యానికి, ఇంటి అద్దెకు చెల్లు. పిల్లవాని కళాశాల రుసుము వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టే తల్లి కూలినుండే తరచు వచ్చింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చాక వారి పిల్లలకు విద్యార్థి వేతనాలు ఏర్పడ్డాయి. కాని గుర్తింపు కార్డు ఉంటేనే ఆ వేతనం. కాంట్రాక్టరు లెక్కలలో పేరు లేని స్త్రీకి, ఆమె ఎన్ని వేల బీడీలు చుట్టినా, ఆ కార్డు దొరకడం కష్టం.

వేతనం అందని ఇంటికి ఆధారం చీటీ. ఇరువది మంది నెలకు 500 రూపాయల చొప్పున వేసుకొంటే మొత్తం 10,000. కళాశాలలు తెరిచే జూన్ నెలలో పాట పోటాపోటీగా సాగుతుంది. 2,000 తగ్గించి పాడిన తండ్రికి 8,000 చేతికి వస్తుంది. తగ్గిన సొమ్మును సభ్యులందరూ పంచుకొంటారు. అక్కరలేనివాడు లాభపడతాడు, అక్కర ఉన్నవాడు కోల్పోతాడు. అయినను ఏ హామీ పత్రమూ అడగకుండ, ఇరుగుపొరుగు నమ్మకం మీద అంత మొత్తం ఇచ్చే సంస్థ మరొకటి ఆ వాడలో ఉండేది కాదు. చీటీ చాలకపోతే తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్లేది. అదీ చాలకపోతే కూతురి చదువు ఆగిపోయేది. అన్న ఇంజనీరింగు చదువు కోసం పదవ తరగతితో ఇంట కూర్చున్న చెల్లెళ్ల పేర్లు ఏ దాతల పట్టికలోను కనబడవు. ఆ చదువు ఖర్చులో వారి వాటా తక్కువది కాదు.

1980ల నాటికి లెక్క తలక్రిందులైంది. తిండి ఖర్చును మించి రుసుము పెరిగింది. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల విరాళాలను అరికట్టడానికి కర్ణాటక 1984లోనే చట్టం చేసింది. ఆ ప్రభుత్వమే 1989లో ప్రైవేటు వైద్య కళాశాలలకు ఏటి రుసుములు నిర్ణయించింది: ప్రభుత్వ సీటుకు 2,000 రూపాయలు, తక్కిన కర్ణాటక విద్యార్థులకు 25,000 వరకు, బయటి రాష్ట్రాలవారికి 60,000 వరకు. అనగా ఎల్లకు ఇవతలి తెలుగు బిడ్డకు ఒక ధర, అవతలి బిడ్డకు మరొక ధర. 1992లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని కొట్టివేసింది. 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పు సీట్లలో సగం ఉచితమని, తక్కిన సగం చెల్లింపు సీట్లని ప్రతిభాక్రమంలో పంచింది. ప్రభుత్వ రుసుముతోనే ప్రైవేటు కళాశాలలో చదివే అవకాశం సామాన్య కుటుంబాలకు అలా కలిగింది. 2002లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఏర్పాటును రద్దు చేసింది.

రాష్ట్రేతర తెలుగువారికి ధరతో పాటు ఎల్ల కూడ ఒక అడ్డంకి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక విద్యార్థి అక్కడి వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల సీటు కోరగా, పుట్టిన రాష్ట్రపు గుర్తింపు వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ రాష్ట్రవాసులకే పరిమితం. సోలాపురం, బరంపురం బిడ్డల తెలుగు అక్కడ అర్హత కాలేదు. తమిళనాడు మాత్రం 2010లో, పట్టభద్రులు లేని కుటుంబంనుండి తొలిసారి వృత్తివిద్యకు వచ్చినవారికి బోధన రుసుము మినహాయించింది. ఇంటి భాషతో నిమిత్తం లేని ఈ సాయం అక్కడి తెలుగు బిడ్డలకూ వర్తించింది. యానాం సంగతి ఇంకా విచిత్రం. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినా పరిపాలన పుదుచ్చేరి చేతిలోనే ఉన్నది. ఇరుగున ఉన్న కాకినాడ వేరే ప్రభుత్వపు ఊరు. తమ ప్రభుత్వపు ముఖ్యపట్టణం వందల మైళ్ల దూరం.

తిరిగి చెల్లించే షరతు మీద కేంద్రం 1963లోనే రుణ విద్యార్థి వేతనాలు ఆరంభించింది. బ్యాంకులన్నిటికీ ఒక నమూనా పథకం ఏర్పడినది 2001లో. అప్పటి నిబంధనల ప్రకారం దేశంలోని చదువుకు 7.5 లక్షల వరకు అప్పు దొరికేది, అందులో 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేకపోయేది. చదువు ముగిసిన కొంత గడువుకు వాయిదాలు మొదలవుతాయి. పూర్వం తండ్రి తీర్చిన అప్పు ఇప్పుడు బిడ్డ తొలి జీతం మీద పడింది. ఉద్యోగం ఆలస్యమైన ఇంట తండ్రి సంతకం కూడ ఆ పత్రం మీద ఉన్నదని బ్యాంకు గుర్తుచేస్తుంది.

2024లో ఆమోదం పొందిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం తాకట్టు, హామీదారు లేకుండ రుణం ఇప్పిస్తుంది. వార్షికాదాయం 8 లక్షలకు మించని కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై, వాయిదాలు మొదలయ్యేలోపు, 3 శాతం వడ్డీ రాయితీ కూడ ఉన్నది. దీనికి రాష్ట్రాల ఎల్లలతో పని లేదు. కళాశాల మాత్రం జాతీయ స్థాయి గణనలో ఎంపికైన జాబితాలో ఉండవలెను. మొదటి తరం విద్యార్థులు ఎక్కువగా చేరే చిన్న పట్టణపు సాధారణ ప్రైవేటు కళాశాలలకు ఆ జాబితాలో చోటు లేదు.