పైన గది, కింద బీరు

మన ఊళ్లో హోటల్ అంటే ఇడ్లీ, టీ కదా. ఆస్ట్రేలియాలో సందు మూల మీద ‘హోటల్’ అని పాత బోర్డుంటే చాలాసార్లు అది బారే: కింద బీరు, పైన గదులు. మెల్‌బోర్న్‌లో నేను అలాంటి గదిలోనే దిగాను. చెక్కమెట్లు, పొద్దున్నే టోస్టూ టీ, వరండా చివర బాత్రూం. బాగానే ఉంటుంది గానీ శనివారం రాత్రి మాత్రం దిగకండి, కింద గోలకి నిద్ర పట్టదు.

ఆ గదులు సరదాకి కట్టినవి కావు. మందు లైసెన్సు కావాలంటే బాటసారులకి పడక, భోజనం చూపించాలని 19వ శతాబ్దంలో అక్కడి చట్టాలు పట్టుబట్టాయి. మందు వద్దనేవాళ్లు 1880ల్లో పోటీగా ‘కాఫీ ప్యాలెస్‌’లు లేపారు. స్ప్రింగ్ స్ట్రీట్‌లో ఇప్పటి విండ్సర్ హోటల్ కొన్నేళ్లు అదే. 1897లో మళ్లీ మందు లైసెన్సు తెచ్చుకుంది.

మరి మన దేశంవాళ్లు ఎక్కడ పడుకున్నారు? విక్టోరియా పల్లెల్లో బట్టలూ సామాన్లూ అమ్ముతూ తిరిగిన హాకర్లలో పంజాబీలు చాలామంది. బండీ, డేరా, అదే బస. గల్ఫ్‌లో బంకు బెడ్డు మీద పడుకుని ఇది చదివేవాళ్లకి ఆ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. 1901 చట్టం వచ్చాక కొత్తవాళ్లకి రేవులోనే పరీక్ష: అధికారి ఎంచుకున్న యూరప్ భాషలో 50 మాటలు చదువుతాడు, విని రాయాలి. మనవాడికి ఇంగ్లీషొస్తే ఇంకో భాషలో పెట్టొచ్చు. 1958 దాకా ఆ పరీక్ష చట్టంలోనే ఉంది.