పెద్దకుక్క నీడన

కొత్త కోడెను కాడి కిందికి తెచ్చే రైతు దానికి ఇంకో కోడెను జత కట్టడు. దుక్కిలో ఆరితేరిన ముసలి ఎద్దును కడతాడు. అదిలింపులు చెయ్యలేని పని ఆ ఎద్దు నడక చేస్తుంది. బెదురు కుక్కపిల్లను నెమ్మదైన పెద్దకుక్క దగ్గర వదలడంలోనూ కిటుకు అదే. కాపరులకూ వేటగాళ్ళకూ ఇది పాతమాట. కుక్కల గురించి శాస్త్రం రాసినవాళ్ళు మాత్రం కూనకూ మనిషికీ మధ్య ఏం జరుగుతుందనే ఎక్కువగా చూశారు. పక్కనున్న పెద్దకుక్క చాలాకాలం వాళ్ళ కంటికి ఆనలేదు.

పసితనంలో ఎవరి మధ్య పెరిగితే వాళ్ళే కుక్కకు తనవాళ్ళవుతారన్న సంగతి ప్రయోగశాలల కంటే ముందే మందల దగ్గర తెలుసు. 1833లో ఇప్పటి ఉరుగ్వే ప్రాంతంలో తిరిగిన డార్విన్, అక్కడి కాపరుల పద్ధతి చూసి ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. కూనను చాలా చిన్నప్పుడే తల్లినుంచి వేరుచేసి, రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రె పాలు తాగించేవారు. దొడ్లోనే ఉన్ని పడక. వేరే కుక్కలతోనూ, ఇంటి పిల్లలతోనూ కలవనిచ్చేవారు కాదు. పెద్దయ్యాక అది మందను విడిచి పోయేది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో పావ్లోవ్ పిరికి కుక్కలను మొదట పుట్టుక లెక్కలోనే చూశాడు. ఆయన శిష్యులు ఒకే ఈతలో పుట్టిన కూనలను రెండుగా చేసి, కొన్నింటిని బోనుల్లో, కొన్నింటిని స్వేచ్ఛగా పెంచారు. బోనులో పెరిగినవి బెదురుగొట్టువయ్యాయి. పెంపకానికీ వాటా ఉందని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది.

అసలు మలుపు అమెరికాలోని బార్ హార్బర్‌లో. అక్కడి జాక్సన్ లాబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఐదు జాతుల కుక్కలను ఏళ్ళతరబడి పెంచి పరిశీలించారు. 1965లో వాళ్ళ పుస్తకం వచ్చింది. అంతకు ముందే, 1961లో, అక్కడి ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ చేసిన ప్రయోగం అచ్చయింది. ఎత్తైన కంచె కట్టిన పొలంలో తల్లులతోపాటు కూనలను పెంచారు. తిండి కంచెకున్న కంతలోంచే. మనిషి కనపడకూడదు. కొన్నింటిని రెండు వారాల వయసులో, కొన్నింటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాలప్పుడు బయటికి తెచ్చి, ఒక్క వారం మనుషుల మధ్య ఉంచి, తిరిగి పొలంలో వదిలారు. మూడు వారాల కూన మనిషి దగ్గరికి తనంతట తనే వచ్చింది. ఏడు వారాలది రెండు రోజులు ఎడంగా ఉండి, తరవాత కలిసింది. పద్నాలుగు వారాలదాకా మనిషిని ఎరగనివి మాత్రం అడవి జంతువుల్లాగే మిగిలిపోయాయి. వాటిలో ఒకదాన్ని మూడు నెలలు బుజ్జగించినా పెద్ద మార్పు రాలేదు.

ఈ ప్రయోగాన్ని అందరూ వారాల లెక్క కోసం తలుచుకుంటారు. నాకు అందులో ఇంకోటి కనిపిస్తుంది. ఆ పొలంలో తల్లి ఉంది, తోబుట్టువులున్నాయి, కుక్కల సావాసానికి ఏ లోటూ లేదు. అయినా మనిషి భయం పోలేదు. ‘ఇంట్లో పెద్దకుక్క ఉందిగా, అదే చూసుకుంటుందిలే’ అనుకునేవాళ్ళు ఒకసారి ఆ కంచె దగ్గర ఆగాలి. పశువైద్యుడు మైకేల్ ఫాక్స్ దీన్నే తిరగేసి చూశాడు. పిల్లికూనల మధ్య పెంచిన చువావా పిల్లలు తోటి కుక్కలను తప్పించుకు తిరిగాయి. కుక్కల భాష కుక్క దగ్గరే నేర్చుకోవాలి. మనిషి మీద నమ్మకం మనిషే సంపాదించుకోవాలి.

పుట్టుక మాట కొట్టెయ్యలేం. అర్కాన్సాస్‌లో మర్ఫ్రీ, డైక్‌మన్ పెంచిన పాయింటర్ కుక్కల్లో ఒక వంశం మనిషి కనపడితే చాలు, కొయ్యబారిపోయేది. ఆ వంశానివే తోటి కుక్కల దగ్గర అంతగా బెదిరేవి కావు.

ఇంతలో 1978 వచ్చింది, పార్వో వైరస్ వచ్చింది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా కూనను గడప దాటనివ్వొద్దని పశువైద్యులు చెప్పడం మొదలుపెట్టారు. తప్పు పట్టలేం; పార్వో పట్టిన పిల్ల బతకడం కష్టమే. కానీ కూన లోకానికి అలవాటు పడే కీలక కాలమని స్కాట్ బృందం చెప్పింది ఆ టీకాల కాలాన్నే. 1980ల తొలినాళ్ళలో కాలిఫోర్నియాలో పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ కూనలను గొలుసు విప్పి ఒకచోట ఆడించే తరగతులు పెట్టాడు. 2008లో అమెరికా పశు ప్రవర్తన వైద్యుల సంఘం మాట మార్చేసింది: మొదటి టీకా వేసిన వారానికే తరగతులు మొదలుపెట్టవచ్చు, మూడేళ్ళలోపు కుక్కలు చనిపోవడానికి అంటురోగాల కంటే ప్రవర్తన సమస్యలే పెద్ద కారణం. టీకాలు పూర్తయిన, ఆరోగ్యమైన పెద్దకుక్కకు అప్పుడు కొత్త విలువ వచ్చింది. వీధిలోకి తీసుకెళ్ళలేని కూనకు ఇంట్లోనే దొరికే సావాసం అది.

ఆ సావాసం ఎంతవరకు? 1996లో ట్యూబర్, హెనెస్సీ బృందం ఏళ్ళుగా జంటగా బతికిన కుక్కలను కొత్త గదిలో పెట్టి చూసింది. తోటి కుక్క పక్కనున్నా ఒత్తిడి హార్మోను తగ్గలేదు. రోజూ చూసుకునే మనిషి ఉంటే తగ్గింది. మరుసటేడు దక్షిణాఫ్రికాలో స్లాబర్ట్, రాసా ఇంకో ముఖం చూపించారు. మత్తుమందు వెతికే తల్లిని ఆరునుంచి పన్నెండు వారాల వయసులో గమనించిన పోలీసు కూనలు, ఆరు నెలలకు అదే పనిలో మిగతావాటిని మించాయి. ఈ రెండూ కొట్టుకోవు. మొదటివి ముదురు కుక్కలు, అప్పటికే నేర్చుకోవలసిందంతా నేర్చుకున్నవి. కూన మాత్రం పెద్దదాని కళ్ళతో లోకాన్ని చూస్తుంది. పెద్దది ఆటోను పట్టించుకోకపోతే కూనా కుదుటపడుతుంది. పెద్దది మొరిగితే ఆ మొరుగుడునూ నేర్చుకుంటుంది.

మన వీధికుక్కల దగ్గర ఈ కథకు ఒక ముచ్చటైన అధ్యాయం ఉంది. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం, కూతురి పిల్లలను సాకిన అమ్మమ్మ కుక్కను గురించి 2014లో రాసింది. 2018లో వీధికుక్కల మందలను ఉమ్మడి కుటుంబాలతో పోల్చింది. మగకుక్కలు కూడా కూనల బాధ్యత పంచుకోవడం గమనించింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సందు చివరి గుంపునుంచి ఎత్తుకొచ్చిన ఆరు వారాల కూన, మూడో అంతస్తు ఫ్లాట్‌లో మొదటి రాత్రి చెప్పుల స్టాండు కింద దూరి ఏడుస్తుంది. అది విడిచి వచ్చింది తల్లినొక్కదాన్నే కాదు.