రాయికి ఎండ కూడా కావాలి



ధర్మపురి నుంచి బెంగళూరుకు మనం తరచూ వెళ్లివస్తుంటాం. అక్కడి గవి గంగాధరేశ్వర ఆలయం గురించి ఈసారి చెప్పుకుందాం. గుహలో లింగం, ఎదుట నంది, బయట ముంగిట్లో సూర్యపాన, చంద్రపాన అనే పెద్ద రాతి చక్రాలు. మకర సంక్రాంతి సాయంత్రం పడమటి ఎండ నంది కొమ్ముల మధ్యగా వచ్చి లింగాన్ని తాకుతుంది.

ఇది ఏడాదికి ఒక్కసారే జరుగుతుందని మనవాళ్ల నమ్మకం. కానీ సూర్యుడు దక్షిణాన చివరి అంచుకు చేరేది డిసెంబరు 21 ప్రాంతంలో. ఆ తర్వాత ఎన్ని రోజులకు ఒక దారిలో దిగుతాడో, అంతకుముందు అన్ని రోజుల నాడూ అదే దారి. అందుకే నవంబరు చివర్లో కూడా లింగం మీద ఎండ పడుతుంది. 2008లో వచ్చిన ఒక పరిశోధన ఈ మాటే చెప్పింది. 18వ శతాబ్దం చివర్లో థామస్ డేనియల్, విలియం డేనియల్ గీసిన బొమ్మలతో పోల్చి, అప్పట్లో అక్కడ కట్టడాలు తక్కువనీ, ఎండ పడే కాలం వేరనీ తేల్చింది. అంటే లింగం కదల్లేదు, నంది కదల్లేదు. తర్వాత లేచిన గోడలు ఎండ దారిని మార్చాయి.

తెలుగునాట నల్గొండ దగ్గర పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడి మూడు గర్భగుళ్లలో ఒకదాని వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. నేరుగా వచ్చే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుగు దానికి ఆధారం. ఆ సందులు మూస్తే నీడ పోతుంది.

ఇక మన జిల్లా సంగతి. ఇక్కడ నడుకల్ అనే వీరగల్లులు చాలా ఉన్నాయి. కొన్ని ధర్మపురి మ్యూజియంలో చూడొచ్చు. ఆ రాళ్ల మీద చెక్కడం లోతు తక్కువ. మిట్టమధ్యాహ్నం చూస్తే బొమ్మ సరిగా ఆనదు. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండ పడితే వీరుడి విల్లు, కత్తి, అక్షరాలు నీడతో తేలి కనబడతాయి.

ఊళ్లో వీరగల్లుకు షెడ్డు వేద్దామని ఎవరైనా అంటే, అది మంచి మనసే. వాన నుంచి కాపు కావాలి. అయితే కప్పు ఎత్తుగా ఉండాలి, ఎండ వాలే పక్క తెరిచి ఉండాలి, రాయికి రంగు పూయకూడదు. పూర్వులు మనకిచ్చింది రాయి ఒక్కటే కాదు, దాని మీద పడే వెలుగు కూడా. చందా రాసే ముందు ఒక పొద్దున, ఒక సాయంత్రం ఆ రాయి దగ్గర నిలబడి చూద్దాం.