కదలని లాంబ్రెట్టా

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి మిలాన్ శివారు లాంబ్రాటేలో ఫెర్డినాండో ఇన్నొచెంతి ఫ్యాక్టరీ శిథిలాల దిబ్బ. ఉక్కు గొట్టాల తయారీలో పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. ఇటలీలో జనానికి అప్పుడు కారు కొనే తాహతు లేదు. పనికి వెళ్ళిరావడానికి చవకబండి కావాలి. దాన్ని గీసిపెట్టే పని హెలికాప్టర్ల ఇంజనీరు కొరాదినో ద'ఆస్కానియోకు అప్పజెప్పాడు. బండికి గొట్టమే వెన్నెముక కావాలని ఇన్నొచెంతి పట్టు. రేకును అచ్చులో నొక్కి, వొళ్ళంతా ఒకే పెంకులా చేద్దామని ఇంజనీరు పట్టు. ఇద్దరికీ పొసగలేదు. ద'ఆస్కానియో ఆ ఆలోచనను ఎన్రికో పియాజియో దగ్గరికి తీసుకుపోయాడు. అదే 1946లో వెస్పా అయింది. ఇన్నొచెంతి మరో ఇద్దరు ఇంజనీర్లను, పల్లావిచినోను, తొర్రేను కూర్చోబెట్టి తన గొట్టం బండిని తయారుచేయించుకున్నాడు. 1947లో అది రోడ్డెక్కింది. ఫ్యాక్టరీ పక్కన పారే లాంబ్రో ఏటి పేరు మీద దానికి లాంబ్రెట్టా అని పేరు పెట్టారు.

ఇరవై ఏళ్ళకు పైగా ఆ రెండు బళ్ళూ ఎదురెదురుగా నిలబడి పోరాడాయి. 1966లో ఇన్నొచెంతి పోయాడు. ఇటలీలో చిన్నకార్లు మధ్యతరగతి అందుబాటులోకి వచ్చాయి, ఫ్యాక్టరీల్లో సమ్మెలు ముదిరాయి. 1969లో బెర్తోనే సంస్థ సోకులు దిద్దిన కొత్త మోడల్ జీపీ వచ్చినా లాభం లేకపోయింది. 1971లో లాంబ్రెట్టా లైన్లు ఆగిపోయాయి.

ఆగిపోయిన ఆ సరంజామాను భారత ప్రభుత్వం కొంది. పాత ఇటాలియన్ బండి ఒకదాన్ని 'స్టార్టవదు, బాగుచేసుకోవాలి' అని ఉన్నది ఉన్నట్టు అమ్మడం మామూలే. ఇక్కడ ఫ్యాక్టరీ మొత్తం అలా చేతులు మారింది. కొన్నవాళ్ళ అవసరమూ గట్టిదే. స్కూటర్ బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజులవి. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి స్కూటర్ ఉందంటే ఉద్యోగమంత గొప్పగా చెప్పుకునేవారు. 1972 సెప్టెంబరులో స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది. మిలాన్ యంత్రాలు, అచ్చులు, డ్రాయింగులు లక్నో చేరాయి. 1975లో ఉత్పత్తి మొదలైంది. దేశంలో విజయ్ అన్నారు. ఎగుమతికి లాంబ్రెట్టా పేరే ఉంచారు.

తెలుగువాళ్ళకు అది ఆల్విన్ పుష్పక్‌గా వచ్చింది. లక్నో ఇంజన్ తెచ్చుకుని, హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ లిమిటెడ్ ఆ పేరుతో బళ్ళు తయారుచేసింది. 1980లలో అదే కంపెనీ పియాజియోతో చేతులు కలిపి వెస్పా పీఎల్ 170 కూడా చేసింది. మిలాన్‌లో పొసగక విడిపోయిన రెండు ఆలోచనలూ మన హైదరాబాదులో ఒకే కంపెనీ గుమ్మం దాటి బయటికొచ్చాయి. ఈ సంగతి మన వాహన చరిత్రలో పెద్ద అక్షరాలతో రాసి ఉండాల్సిందని నా గట్టి నమ్మకం.

మిలాన్ యంత్రాలతోపాటు పెట్టెల్లో లక్నోకు రానిది ఒకటుంది. ఆ బండిని ఏటా ఇంకాస్త మెరుగుపరిచే మిలాన్ ఇంజనీర్ల బృందం. యంత్రాలు తిరిగాయి, బళ్ళు కదిలాయి, కానీ మోడల్ దాదాపు అక్కడే నిలిచిపోయింది. 1997లో లక్నోలో స్కూటర్ల తయారీ ఆగింది. అదే కంపెనీ చేసే విక్రమ్ మూడుచక్రాల బళ్ళు మరికొన్నేళ్ళు నడిచాయి. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గం కంపెనీ మూసివేతకే ఒప్పుకుంది.

అందుకే ఎలమంచిలి వైపు ఏ పెంకుటింటి వసారాలోనో, పశువుల పాక పక్కనో గోనెసంచి కప్పుకుని ఉన్న పుష్పక్, విజయ్ బళ్ళ గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఆ తరహా బండి మళ్ళీ ఆ అచ్చుల్లోంచి రాదు. పాత ఇనుము కొనేవాడు గుమ్మంలోకొచ్చి, 'స్టార్టవని బండి కదా మాస్టారూ, తూకానికి ఇచ్చేయండి' అంటాడు. ఇంటాయన కూడా చోటు ఖాళీ అవుతుందిలే అనుకుంటాడు. అక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

కొనే పిచ్చి ఉన్నవాడు ముందు చూసేది నంబర్లు. ఛాసిస్ మీదున్నదీ, ఇంజన్ మీదున్నదీ ఆర్సీతో కలుస్తున్నాయా అని. కదలకపోయినా సరే, ఫ్యాక్టరీలో బిగించిన ఇంజన్ అదే ఫ్రేములో ఉంటే దాని ధర వేరు.

రెండోది, ఎదుటివాడికి చూపించాలని బలవంతాన కిక్కు కొట్టి స్టార్ట్ చేయించొద్దు. ఏళ్ళ తరబడి నిలిచిన టూస్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ సీళ్ళు ఎండి గట్టిపడతాయి. వాటి సందుల్లోంచి గాలి పీల్చుకుంటే పెట్రోలు మిశ్రమం పలచబడి, వేడెక్కి, పిస్టన్ పట్టేస్తుంది. పెట్రోలులో కలిపిన నూనె కార్బురేటర్‌లో జిగురై గడ్డకట్టి ఉంటుంది. ట్యాంకులో తుప్పు సరేసరి. ఇంజన్ విప్పి చూసే పని కొన్నవాడిది. అమ్మేవాడు చెప్పాల్సింది ఎన్నాళ్ళుగా ఆగింది, ఎందుకు ఆగింది, ఏ భాగం మార్చారు అన్నవే.

మూడోది రంగు. మెరుగులు దిద్దితే ధర వస్తుందనుకుని లప్పం పూసి, స్ప్రే కొట్టించే అలవాటుంది. ఆ పనే బండిని చంపేస్తుంది. పక్కప్యానెళ్ళు, హారన్ మూత, స్పీడోమీటరు, ఆఖరికి ఇంజన్ మీది చిన్న రేకుముక్క కూడా పారేయకుండా సంచిలో వేసి బండితోపాటే ఇవ్వాలి. సముద్రపు గాలికి పైరేకులు తిని ఉండొచ్చు, వాటిని మార్చుకోవచ్చు. గొట్టం లోపల పట్టిన తుప్పు పైకి కనబడదు, కాబట్టి దాన్ని లప్పంతో కప్పిపెట్టడం అన్యాయం.

ప్రభుత్వ నిబంధన కూడా ఈ మాటే చెబుతోంది. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషనై 50 ఏళ్ళు దాటిన బండి, అసలు రూపంలో, పెద్దగా మార్పులేవీ జరగకుండా ఉంటే ప్రత్యేక నమోదుకు అర్హమవుతుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. 1975 తర్వాత వచ్చిన తొలి బళ్ళు ఇప్పుడిప్పుడే ఆ హద్దుకు చేరుతున్నాయి. ఇన్నాళ్ళూ దాచి, సరిగ్గా ఈ ఏడో వచ్చే ఏడో తూకానికి ఇచ్చేస్తే ఎంత నష్టమో చూడండి.

బేరం కుదిరితే ఆర్సీ ఆ రోజే చేతిలో పెట్టేసి ఊరుకోవద్దు. ఫారం 29 నింపి రవాణా శాఖకు అమ్మకం సంగతి తెలపాలి. కొన్నవాడు పేరు మార్పుకు ఫారం 30 పెట్టుకోవాలి. అమ్మేముందు రెండు నంబర్లూ స్పష్టంగా కనబడేలా ఫొటోలు తీసి, ఆర్సీ నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఆర్సీ పోయి ఉంటే ముందు నకలుకు దరఖాస్తు పెట్టండి. ఆ కాగితం లేకుండా వెళ్ళిన పుష్పక్ ధర విడిభాగాల లెక్కలోకి దిగిపోతుంది.