నల్లకోటు, ఎదురుగాలి, పది మైళ్ళు

1894 జులైలో ఇంగ్లండ్‌లోని ఒక రోడ్డు మీద గుర్రం బెదిరింది. నార్త్ రోడ్ సైక్లింగ్ క్లబ్ పెట్టిన 50 మైళ్ళ పందెంలో దూసుకొస్తున్న గుంపు, ఒక మహిళ వెళ్తున్న గుర్రబ్బండిని దాటబోయింది. గుర్రం అదిరిపడింది, సైక్లిస్టులు ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు. ఆమె పోలీసుల దగ్గరికి వెళ్ళింది. పడినవాళ్ళలో మూడు చక్రాల సైకిల్ తొక్కడంలో మొనగాడైన ఎఫ్.టి. బిడ్లేక్ కూడా ఉన్నాడు.

రోడ్డు మీద పందేలు ఆపకపోతే సైకిళ్ళనే రోడ్డెక్కనివ్వరేమోనని పెద్దలకు భయం పట్టుకుంది. సైక్లిస్టుల జాతీయ సంఘమే పందేలను నిషేధించింది. బిడ్లేక్ మాత్రం ఒక ఉపాయం కనిపెట్టాడు. గుంపుంటేనే కదా గొడవ? ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుదాం, ఎవరికెంత సమయం పట్టిందో గడియారం చెబుతుంది. 1895 అక్టోబర్ 5న నార్త్ రోడ్ క్లబ్ ఆ పద్ధతిలో 50 మైళ్ళ పోటీ నడిపింది. దాన్నే టైమ్ ట్రయల్ అన్నారు.

అక్కడి నుంచి వ్యవహారమంతా దొంగచాటే. కోడి కూయకముందే మొదలు. మెడ నుంచి చీలమండల దాకా నల్లబట్టలే. ఆల్పకా ఉన్ని కోటు, నల్ల టైట్స్, సైకిల్‌కి తప్పనిసరిగా గంట. చూసేవాళ్ళకు, ఎవరో పెద్దమనిషి పొద్దున్నే పనిమీద పోతున్నట్టుండాలి. పోటీదారులకు పంపే కాగితాల మీద ‘రహస్యం’ అని ఉండేది. దారి పేరు కూడా రాసేవాళ్ళు కాదు, ఒక అక్షరమూ కొన్ని అంకెలూ కలిపిన సంకేతం వాడేవారు. ఆ సంకేతాల అలవాటు నేటికీ పోలేదు. హల్ నగరం దగ్గరి ప్రసిద్ధమైన దారిని సైక్లిస్టులు ఇప్పటికీ ‘వి718’ అనే పిలుస్తారు.

పోలీసుల నుంచి దాక్కోవడానికి పుట్టిన ఆ పద్ధతి సైక్లిస్టును వాతావరణానికి అప్పగించేసింది. గుంపులో ఉంటే ముందున్నవాడి వీపు చాటున గాలి తప్పించుకోవచ్చు. ఇక్కడ ముందూ ఎవరూ ఉండరు, వెనకా ఎవరూ ఉండరు. పైగా నిమిషానికి ఒకరు చొప్పున 120 మందిని వదిలితే, మొదటివాడు బయల్దేరిన దాదాపు రెండు గంటలకు ఆఖరివాడి వంతు వస్తుంది. ఈలోగా ముసురు పట్టొచ్చు, తెరిపి ఇవ్వొచ్చు. ఇద్దరూ ఒకే పోటీలో, రెండు వేర్వేరు వాతావరణాల్లో తొక్కుతారు.

పోయిన దారినే తిరిగొస్తాం కాబట్టి, పోయేటప్పుడు ఎదురైన గాలి వచ్చేటప్పుడు తోడవుతుందని కొత్తవాళ్ళ లెక్క. ఆ లెక్క తప్పు. క్లబ్బులవాళ్ళు సాయంత్రాలు తొక్కే ‘టెన్’నే, అంటే పది మైళ్ళ పోటీనే తీసుకుందాం. గాలి లేనప్పుడు గంటకు 20 మైళ్ళ వేగంతో పది మైళ్ళకు 30 నిమిషాలు. ఎదురుగాలిలో 15 మైళ్ళకు పడిపోయి, తిరుగుదారిలో 25 మైళ్ళకు పెరిగితే సగటు ఇరవయ్యే కదా అనిపిస్తుంది. కానీ పోవడానికి 20 నిమిషాలు, రావడానికి 12, మొత్తం 32. గాలితో ఎక్కువసేపు పోట్లాడతాం, గాలి సాయం కొద్దిసేపే దక్కుతుంది.

వానది ఇంకో తంటా. వదులు రెయిన్‌కోటు తెరచాపలా గాలిని పట్టేస్తుంది, అందుకే తడవడానికే సిద్ధపడతారు. సగం దూరంలో మలుపు తిరిగేచోట రోడ్డు మీది తెల్లరంగు గీత సబ్బుబిళ్ళలా జారుతుంది. వేళ్ళు కొంకర్లుపోయి బ్రేకు అందదు. వెనక చక్రం ఊచల్లేని డిస్క్ అయితే, పక్కనుంచి కొట్టే గాలి సైకిల్‌ని తోసేస్తుంది. మరీ పొగమంచు కమ్మినా, రోడ్డు మీద నీళ్ళు నిలిచినా రద్దు చేయాల్సిందే.

ఈ పోటీలు తొక్కేవాళ్ళు ఎక్కువగా ఏదో ఒక పని చేసుకుని బతికేవాళ్ళే. 1978లో 25 మైళ్ళను 49 నిమిషాల 24 సెకన్లలో ముగించి, 50 నిమిషాల గోడను మొదటిసారి దాటిన ఆల్ఫ్ ఎంగర్స్ బేకరీ పనివాడు. యార్క్‌షైర్ మహిళ బెరిల్ బర్టన్ రుబార్బ్ తోటలో పనిచేసేది. 1967లో 12 గంటల పోటీలో 277.25 మైళ్ళు తొక్కి మగవాళ్ళ రికార్డునూ దాటేసింది. దారిలో మగ పోటీదారు మైక్ మెక్‌నమారాను దాటుతూ, జేబులోంచి ఒక లికరిస్ మిఠాయి తీసి అతని చేతికిచ్చింది. అతనూ ఆ రోజు పాత పురుషుల రికార్డు బద్దలుకొట్టాడు, అయినా ఆమె కంటే వెనకే ఉన్నాడు. ఇంత దర్జాగా జరిగిన ఓటమి క్రీడల్లో మరోటి కనిపించదు.

గుంపు పందేలకు 1942లో పెర్సీ స్టాలర్డ్ అనే సైక్లిస్టు మళ్ళీ తెర తీశాడు. ల్యాంగోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్ దాకా పోటీ పెట్టి, సంఘం నుంచి వేటు వేయించుకున్నాడు. చివరికి గుంపు పందేలకూ అనుమతి దొరికింది. దాక్కోవాల్సిన అవసరం తీరిపోయినా టైమ్ ట్రయల్ తొక్కేవాళ్ళు మానలేదు. ఆదివారం తెల్లవారకముందే ఊరి హాలు ముందు నంబరు అంటించుకుని నిలబడతారు. వెనక నుంచి ఒకరు సీటు పట్టుకుంటారు, ఐదు నుంచి ఒకటికి లెక్కపెట్టగానే వదిలేస్తారు. తిరిగొచ్చాక టీ, కేకు, గోడకు అంటించిన ఫలితాల కాగితం. అందులో పేరు, క్లబ్బు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి. ఎదురుగాలి సంగతి మాత్రం టీ కప్పు దగ్గరే చెప్పుకోవాలి.